గుర్రం బొమ్మ మీద పెట్టిన వేలు
మంజీర దారుల కథ – 14వ భాగం

పోయిన మాఘమాసంలో, పెళ్లిళ్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు పోతూ ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగాను. ఒక పక్క మందుల ఫ్యాక్టరీ ప్రహరీ, ఇంకో పక్క లారీల మరమ్మతు షెడ్డు. మధ్యలో కట్టుకొయ్యకు తెల్లటి ఆడగుర్రం. పెళ్లికొడుకులను ఊరేగించే గుర్రం అది. జీను దించేశారు గాని మెడలో పూసల పట్టీ అలాగే ఉంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

దాన్ని సాకే పెద్దాయన పశువుల డాక్టరుకు చెప్పుకుంటున్నాడు. "తింటనే ఉన్నది సార్. ఉలవలు పెడ్తున్న, పచ్చగడ్డి పెడ్తున్న. బోరు నీళ్లు బందుజేసి ట్యాంకర్ నీళ్లు పడ్తున్న. తిన్నది పెయ్యికి పడ్తలేదు." డాక్టరు గుర్రం పొట్ట కింద వాచిన చోట బొటనవేలితో నొక్కి తీశాడు. వేలు తీసినా గుంట పూడలేదు, మెత్తటి మట్టిలో అడుగు పడ్డట్టు అలాగే నిలిచింది. మెడ నరం నుంచి చిన్న గాజు గొట్టంలోకి నెత్తురు తీసుకున్నాడు. తర్వాత సంచిలోంచి ప్లాస్టర్ టేపుతో అతికించిన లావుపాటి పుస్తకం ఒకటి తీసి, ఒక పేజీ విప్పి పెద్దాయన ముందు పెట్టాడు.

పుస్తకం ఇంగ్లిషులో ఉంది. పెద్దాయనకు తెలుగు చదవడమే రాదు. పేజీలో పక్కవాటుగా నిలబడ్డ గుర్రం బొమ్మ ఉంది. పొట్ట కిందా కాళ్ల దగ్గరా వాపు చూపిస్తూ నల్లటి గీతలు ఉన్నాయి. ఆయన వంగి చూశాడు. చూపుడువేలు బొమ్మ పొట్ట మీద పెట్టి, "గిదే సార్, గిట్లనే" అన్నాడు.

ఈ వారం కథ ఆ వేలి గురించే. గుర్రం రోగాన్ని బొమ్మగా గీసి చూపే పుస్తకాలు మన మంజీర దారుల్లోకి ఎలా వచ్చాయో, ఎవరి కోసం వచ్చాయో చెప్పుకుందాం. కిందటి భాగంలో బీదరు కోట గుమ్మం దగ్గర ఆగాం. మళ్లీ అక్కడికే వెళ్తాం గాని, ముందు సముద్రం ఒడ్డుదాకా పోయి రావాలి.

గుర్రం మన నేలకు పరాయి జీవి. మన రేగళ్లలో జొన్న పండింది, కంది పండింది, ఎద్దు పెరిగింది, బర్రె పెరిగింది. మేలుజాతి యుద్ధాశ్వం మాత్రం అరేబియా నుంచీ పారశీకం నుంచీ ఓడల్లో రావలసిందే. 13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో తమిళ తీరంలోని మాబారు రాజ్యం గురించి రాస్తూ, అక్కడి రాజు ఏటా 2,000కు పైగా గుర్రాలు కొంటాడని, ఆయన నలుగురు తమ్ముళ్లూ తలా అన్ని కొంటారని, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవని చెప్పాడు. కారణం కూడా ఆయనే చెప్పాడు. గుర్రపు వైద్యం తెలిసినవాళ్లు అక్కడ లేరు, గుర్రాలు అమ్మే వర్తకులు వైద్యులను అక్కడికి రానివ్వరు. గుర్రాలు చస్తేనే గదా మళ్లీ కొంటారు!

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వైద్యం తెలియకపోవడం ఒక సంగతి, తెలియకుండా కాపలా కాయడం ఇంకో సంగతి. పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఏటా 10,000 గుర్రాలు మాబారుకూ ఖంబాతుకూ పోయేవని, ఒక్కోదానికి 220 దీనారాల బంగారం పలికేదని రాశాడు. రాజ్యాల ఖజానాలు ఈ దారిన కరిగిపోయాయి. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రాలకు కూడా డబ్బిచ్చేవాడని చెప్పాడు. సముద్రంలో చనిపోయిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే సొమ్ము ముట్టేదట. అంత ఖరీదైన ప్రాణికి జ్వరం వస్తే దాన్ని సాకే సాయిస్ చేతులు వణకవా? ఎద్దుకు లేని పుస్తకం గుర్రానికి రావడం వెనక ఈ భయం ఉంది.

ఇక మన పటాన్‌చెరు. ఇవాళ బస్సులో ఆ పేరు వింటే గుర్తొచ్చేది పొగగొట్టాలు, షిఫ్టు సైరన్లు, నక్కవాగు నీళ్లు. వెయ్యేళ్ల కిందట ఇది పొట్టళకెరె. కల్యాణి చాళుక్యుల్లో రెండో జయసింహుడు ఇక్కడి నుంచి ఏలాడు. చాళుక్యుల పెద్ద రాజధాని కల్యాణి, ఇప్పటి బసవకల్యాణ్, మన ముంబై హైవే మీదే పడమరగా పోతే తగులుతుంది. ఆ గద్దె మీద కూర్చున్న మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. 100 అధ్యాయాల్లో రాజుకు తెలియవలసినవన్నీ కూర్చాడు. వంటకాలున్నాయి, చిత్రలేఖనం ఉంది, సంగీతం ఉంది, గుర్రాల రంగులూ జాతులూ వాటి పోషణా ఉన్నాయి, గుర్రాల మీద ఎక్కి ఆడే బంతాట కూడా ఉంది. పొట్టళకెరె గుర్రపుశాలల్లో ఆ విద్యే నడిచి ఉంటుందని నా నమ్మకం. రాజు రాసిన మాటల కింద పేరు లేని సాయిస్‌ల అనుభవం ఉండి తీరుతుంది. గుర్రం చెవి చల్లబడితే ఏమిటో రాజుకు ఎవరో చెప్పాలి గదా.

కాకతీయుల నాటికి 'సాహిణి' అన్న మాట మన శాసనాల్లో పెద్ద హోదా అయింది. సాహిణి అంటే గుర్రపు దళాన్ని చూసుకునే అధికారి. గణపతిదేవుడి కొలువులోని కాయస్థ గంగయసాహిణి పేరు చరిత్ర చదివినవారందరికీ తెలుసు. గుర్రం చూసుకునేవాడు సామంతుడయ్యే స్థాయికి ఆ విద్య ఎదిగింది.

అయితే ఈ విద్యకు మూలపురుషుడెవరు? సంప్రదాయం శాలిహోత్రుడి పేరు చెబుతుంది. ఆ పేరుతో సంస్కృతంలో అశ్వశాస్త్రం ఉంది. నకులుడి పేరుతో 'అశ్వచికిత్సితం' ఉంది. జయదత్తుడి 'అశ్వవైద్యకం' ఉంది. మనకు నకులుడు కొత్తవాడు కాడు. విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలు కాసినవాడు, విరాటపర్వం వినని తెలుగు ఊరు ఉందా? శాలిహోత్రుడి పేరు మాత్రం ఇంకో విధంగా బతికింది. జనం నోట అది సాలోత్రి అయింది. సాలోత్రి అంటే గుర్రపు వైద్యుడు. ఒక గ్రంథకర్త పేరు ఒక వృత్తికి పేరు కావడం ఎంత అరుదు! 1882లో లాహోరులో పశువైద్య కళాశాల పెట్టినప్పుడు అక్కడ తర్ఫీదు పొందినవాళ్లను కూడా ఆ మాటతోనే పిలిచారు.

ఇప్పుడు బీదరు దారి పడదాం. 15వ శతాబ్దపు తొలి దశల్లో, బహమనీల కొలువులో, గుల్బర్గాలో ఒక పని జరిగింది. అబ్దుల్లా బిన్ సఫీ అనే ఆయన సంస్కృత అశ్వశాస్త్రాన్ని పారశీకంలోకి మార్చాడు. ఆ అనువాదం తర్వాత సుల్తాను అయిన అహ్మద్ షా వలీ పేరుతో ముడిపడి ఉంది. రాజధానిని గుల్బర్గా నుంచి బీదరుకు మార్చిందీ ఆయనే. గుర్రాలు పడమటి నుంచి వచ్చాయి. గుర్రాల వైద్యం మాత్రం ఇక్కడి సంస్కృతంలోంచి పడమటి భాషలోకి పోయింది. వైద్యులను రానివ్వని వర్తకుల రోజుల నుంచి చూస్తే ఇది చిన్న సంగతి కాదు.

ఆ దారినే 1469 తర్వాత రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ నడిచాడు. తనతో ఒక్క మగగుర్రం తెచ్చుకున్నాడు. దాని మీద తనకు నూరు రూబుళ్లు ఖర్చయిందని రాసుకున్నాడు. జున్నర్‌లో అక్కడి ఖాను ఆ గుర్రాన్ని లాక్కున్నాడు. మతం మారితే గుర్రంతోపాటు వెయ్యి బంగారు నాణేలిస్తానన్నాడు. ఖురాసానీ పెద్దమనిషి ఒకడు అడ్డుపడి ఇప్పించబట్టి గుర్రం తిరిగి చేతికొచ్చింది. నికితిన్ దాన్ని బీదరుదాకా తెచ్చి అమ్ముకున్నాడు. ఈ దేశంలో గుర్రాలు పుట్టవని, ఎద్దులూ బర్రెలే పుడతాయని, గుర్రాలకు శనగలు పెడతారని, చక్కెరా నూనె వేసి వండిన కిచిడీ పెడతారని ఆయన రాశాడు. బీదరుకు 12 కోసుల దూరంలోని ఆళంద జాతరకు 20,000 గుర్రాలు అమ్మకానికి వస్తాయని కూడా రాశాడు. సంగారెడ్డిలో బస్సెక్కితే బీదరూ ఆళందా ఒక పూట ప్రయాణం. ఆ జాతరలో గుర్రం నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పే చేతులు ఎన్నో ఉండి ఉంటాయి.

తెలుగులో ఈ విద్య లేదా? ఉంది. విజయనగర కాలంలో మనుమంచిభట్టు 'హయలక్షణవిలాసం' అనే పద్యకావ్యం రాశాడు. పేరులోనే ఉంది, లక్షణం. ఇక్కడ నాకు తోచింది దాచకుండా చెప్పాలి. మన అశ్వశాస్త్రాల్లో ఎక్కువ చోటు తీసుకున్నది సుడులూ మచ్చలే. గొంతు దగ్గరి సుడి దేవమణి, అది శుభం. నాలుగు కాళ్లూ మొహమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి, అది రాజయోగం. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి చేటు. గుర్రం కొనేవాడికి ఇదంతా అవసరమే కావచ్చు. కడుపునొప్పితో నేల మీద పొర్లుతున్న గుర్రానికి దేవమణి ఏం చేస్తుంది? ఆ పుస్తకాల పట్ల నాకెంత గౌరవమున్నా ఈ లోటు లోటే. అయినా చికిత్స భాగాల దగ్గరికి వచ్చేసరికి మన ఊళ్లలో పశువులకు ఇప్పటికీ వాడే సరుకులే కనిపిస్తాయి. సొంఠి, మిరియాలు, ఇంగువ, నూనెలు. నెత్తురు తీయడం, వాత పెట్టడం కూడా ఉంటాయి. వెదురు గొట్టం గొంతులో పెట్టి మందు పోయడం మా తాత చేస్తుంటే చూశాను.

ఇక బొమ్మల సంగతి. గుర్రపు వైద్యానికి బొమ్మలు గీయడం బాగ్దాదులో 1209 నాటికే ఉంది. అహ్మద్ బిన్ హుసేన్ రాసిన 'కితాబ్ అల్ బైతరా' వ్రాతప్రతిలో గుర్రమూ దాని పక్కన వైద్యుడూ రంగుల్లో కనిపిస్తారు. మన దక్షిణాదికి వస్తే తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం తలుచుకోవాలి. తెలుగు నాయకరాజుల పుస్తక భాండారంగా మొదలైన చోటు అది. మరాఠా రాజు రెండో శరభోజీ దాన్ని ఎంతో పెంచాడు. అక్కడి నకులుడి 'అశ్వశాస్త్రం' బొమ్మల ప్రతిని ఎస్. గోపాలన్ పరిష్కరించగా, రంగుల బొమ్మలతో సహా 1952లో అచ్చువేశారు.

ఇలాంటి బొమ్మల్లో గుర్రం ఎప్పుడూ పక్కవాటుగానే ఉంటుంది. ఒకటే కన్ను కనిపిస్తుంది, నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. సుడి ఎక్కడుందో, వాపు ఎక్కడుందో వేలు పెట్టి చూపడానికి వీలుగా గీసిన బొమ్మ అది. పద్యం పండితుడి కోసం రాశారు. బొమ్మ మాత్రం గుర్రం దగ్గర పడుకునేవాడి కోసమే గీశారని నాకు అనిపిస్తుంది. చదువురాని సాయిస్‌కూ చదువుకున్న వైద్యుడికీ మధ్య అదే వంతెన.

ఐరోపా బొమ్మ ఇంకో దారిన పోయింది. బొలోన్యా నగరంలో కార్లో రూయినీ అనే పెద్దమనిషి గుర్రం శరీరం లోపలిని గీయించిన పుస్తకం 1598లో అచ్చయింది. అందులో తోలు వలిచిన గుర్రాలు, ఎముకల గూడుగా మిగిలిన గుర్రాలు పచ్చిక మీద నడుస్తున్నట్టు ఉంటాయి. 1766లో ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్ 'గుర్రం శరీర నిర్మాణం' పుస్తకం తెచ్చాడు. దానికోసం ఒక పల్లెలో ఇల్లు తీసుకుని, చనిపోయిన గుర్రాలను పైకప్పు నుంచి కప్పీలతో వేలాడదీసి, పొర వెంట పొర తీస్తూ నెలల తరబడి గీశాడు. ఆ దుర్వాసన తలుచుకోండి. ఫ్రాన్సులోని లియాన్‌లో క్లోద్ బూర్జెలా 1761లో పెట్టిన పాఠశాలతో ఈ విద్య కళాశాల మెట్టెక్కింది.

లోపలి బొమ్మ ఎందుకంత ముఖ్యమో ఒక్క రోగంతో చెబుతాను. గుర్రానికి కడుపునొప్పి వస్తే ప్రాణాంతకం కావచ్చు. దాని ఒంటికి పొట్ట చిన్నది, పేగు మాత్రం చాలా పొడవు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక పొట్టలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. పేగు మెలిపడిందంటే లోపలి గాలి పోయే దారి ఉండదు. పైనుంచి చూసేవాడికి కనిపించేది ఇంతే: గుర్రం వెనక్కి తిరిగి తన డొక్క చూసుకుంటుంది, ముందుకాలితో నేల గీరుతుంది, చెమట పడుతుంది, పడి పొర్లుతుంది. మన పాత వైద్యులు ఈ గుర్తులన్నీ చూశారు, శూల అని పేరూ పెట్టారు. మెలిపడ్డ పేగును చూడలేదు. ఆ లోపలి బొమ్మ మన పుస్తకాల్లో చేరి ఉంటే ఎన్ని గుర్రాలు బతికేవో అన్న బాధ నాకు పోదు.

రెండు దారులూ కలిసింది కుంఫిణీ రోజుల్లో. షాజహాన్ కాలంలో అబ్దుల్లా ఖాన్ ఫిరోజ్ జంగ్ సంస్కృతం నుంచి పారశీకంలోకి తెచ్చిన అశ్వవైద్య గ్రంథాన్ని జోసెఫ్ ఎర్ల్స్ ఇంగ్లిషులోకి మార్చి 1788లో కలకత్తాలో అచ్చువేశాడు. తర్వాత వందేళ్లకు పైగా గడిచాక డి.సి. ఫిలట్ అనే సైనికాధికారి హాషిమీ రాసిన గుర్రాల పుస్తకం 'ఫరస్‌నామా'ను 1910లో పరిష్కరించి, రంగీన్ 'ఫరస్‌నామా'ను 1911లో ఇంగ్లిషులో తెచ్చాడు. ఈలోగా, 1877లో, హొరేస్ హేయ్స్ అనే ఇంకో సైనికాధికారి గుర్రాల యజమానుల కోసం పశువైద్య పుస్తకం రాశాడు. భారతదేశంలో కొలువు చేసిన అనుభవంతో, మామూలు మాటల్లో, బొమ్మలతో రాసిన పుస్తకం. అది ఒకరి తర్వాత ఒకరు తిరగరాయగా 2002లో 18వ కూర్పుగా కూడా వెలువడింది. 125 ఏళ్లు బతికిన వైద్య పుస్తకాలు ఎన్ని ఉంటాయి?

హేయ్స్ పుస్తకం వచ్చిన మూడేళ్లకు, 1880లో, వాయవ్య సరిహద్దులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు జబ్బు గుర్రాల నెత్తురును సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఎర్ర కణాల మధ్య పురుగుల్లాంటివి మెలికలు తిరుగుతూ కనిపించాయి. అక్కడి జనం ఆ జబ్బును సర్రా అనేవారు, కుళ్లిపోయినది అని అర్థం. ఈ పురుగే జబ్బుకు కారణమని ఇవాన్స్ అన్నాడు. పై అధికారులు నమ్మలేదు. కాలం ఆయన మాటే నిలబెట్టింది. 1901లో లియొనార్డ్ రోజర్స్ జోరీగలు ఒక గుర్రాన్ని కుట్టి ఇంకో గుర్రాన్ని కుట్టినప్పుడు ఈ జబ్బు అంటుకుంటుందని ప్రయోగం చేసి చూపించాడు. ఇవాన్స్ నూరేళ్లు బతికి 1935లో పోయాడు. ఆ పురుగు శాస్త్రీయ నామంలో ఆయన పేరు ఉంది. శాలిహోత్రుడి పేరు వైద్యుడికి మిగిలింది, ఇవాన్స్ పేరు రోగం తెచ్చే పురుగుకు మిగిలింది.

ఇస్నాపూర్ ఆడగుర్రం నెత్తురులో తేలింది సర్రాయే. తిన్నది ఒంటికి పట్టకపోవడం, విడిచి విడిచి జ్వరం, నెత్తురు తగ్గిపోవడం, పొట్ట కింద నొక్కితే గుంటపడే వాపు, అన్నీ ఆ పేజీలో ఉన్నవే. క్వినాపిరమిన్ సూది వేశారు. షెడ్డు వెనక మురుగు గుంట పూడ్చి, సాయంత్రాలు వేపాకు పొగ వేసి జోరీగలు వాలకుండా చూడమన్నారు. నెలన్నర తర్వాత వెళ్తే పక్కటెముకల మీద కండ పడుతోంది. ప్రహరీకి అవతల టన్నుల లెక్కన మందుల పొడి తయారవుతుంది. ఇవతల ఒక సూది మందు కోసం పెద్దాయన మూడు రోజులు తిరగవలసి వచ్చింది.

దేశంలో గుర్రాలూ తట్టువలూ కలిపి 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉంటే, 2019 నాటికి సుమారు 3.4 లక్షలకు పడిపోయాయి. హిసార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, 1946లో మొదలైన పశువైద్య కళాశాల రాజేంద్రనగర్‌లో ఉంది. గ్లాండర్స్ వంటి రోగం గుర్రం నుంచి మనిషికి కూడా అంటుతుంది. అది తేలితే గుర్రాన్ని చంపక తప్పదు. ఇవన్నీ మన సాయిస్‌కు ఎవరు చెప్పాలి? ఊరేగింపు గుర్రాలు సాకేవాళ్లలో చాలామంది చదువుకోనివాళ్లే. పది రోగాలకు పది బొమ్మలు, కింద మన యాసలో రెండేసి మాటలు ఉన్న చిన్న పుస్తకం వాళ్ల చేతికి రావాలి. పశువైద్య కళాశాల వారు, పశుసంవర్ధక శాఖ వారు ఈ పని తలపెట్టాలని కోరుతున్నాను. బొమ్మలు గీసే విద్యార్థులు మనకు కరువా?

చదువరులకు ఇంకొక మనవి. సంగారెడ్డి, జహీరాబాద్, నారాయణఖేడ్, అందోలు వైపు పాత ఇళ్లలో ఉర్దూ, పారశీక కాగితాల కట్టలు, తాటాకు కట్టలు అటకల మీద ఉన్నాయి. వాటిలో గుర్రం బొమ్మ ఉన్న పేజీ ఒక్కటి కనిపించినా పాత కాగితాల బండికి వేయకండి. చెదలు పట్టకుండా గుడ్డలో చుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చూపించండి. కనీసం ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి.